ఒకే నొప్పి, వేఱు వేఱు మనస్సులు

కంటికి గనబడు పుండును జూచి జాలిపడువారు పెక్కుమంది గలరు. కనబడని నొప్పికి సాక్ష్యము చూపుమని యడుగువారే యెక్కువ. ఫైబ్రోమయాల్జియా యను వ్యాధి యిట్టి కనబడని నొప్పులలో నొకటి. ఒడలంతయు నెలల తరబడి నొప్పి, ఎంత నిద్రించినను తీఱని యలసట, మఱపు దీని లక్షణములు. దీనిని నిర్ధారించు రక్తపరీక్షగాని, ఎక్స్‌రేగాని లేదు. కండరములు చెడుటచేత గాక, మెదడును నరములును నొప్పిని హెచ్చించి తెలుపుటచేత నిది కలుగుచున్నదని నేటి వైద్యుల యభిప్రాయము.

మా యింట నీ వ్యాధి యిద్దఱి కున్నది; మా తోడికోడలికిని, నాకును. నిర్ధారించిన వైద్యురా లొక్కతెయే. కాని మా స్వభావములు వేఱు. అక్కకు నొప్పి హెచ్చినప్పుడు కన్నీ రాగదు. "రేపు లేవగలనో లేదో, నా బ్రదు కింతియే కాబోలు" నని రాత్రియే దిగులు పడును. నేనో, నొప్పి హెచ్చిన దినమున మాట తగ్గించి, పని చేసికొనుచు, పిల్లలకు పద్యములు చెప్పుచునే యుందును. చూడవచ్చిన బంధువులు ఆమెను జూచి "ఇదంతయు మనోవ్యాధియే" యందురు. నన్ను జూచి "నీకేమమ్మా, రోగమే లేదు" అందురు. ఆమె కన్నీరును, నా చిఱునవ్వును, రెండును మా కెదురుసాక్ష్యములే యైనవి!

ఈ విషయమున 2003లో అమెరికాలో ప్రకటింపబడిన యొక పరిశోధనము గమనింపదగినది. ఈ వ్యాధి గల 97 మంది మనఃస్థితిని విచారించి, శరీరముపై ఒత్తిడి గలిగించి వారికెంతలో నొప్పి పుట్టునో కొలిచిరి. వారు మూడు తెగలుగా దేలిరి. 50 మందికి దిగులును, ధైర్యమును మధ్యస్థములు. ఒత్తిడికి బుట్టు నొప్పి తక్కువ. 31 మందికి దిగులును భయమును మిక్కుటము. బాధ తమ యదుపులో లేదను నిరాశ గలదు. ఒత్తిడికి నొప్పియు నెక్కువయే. తక్కిన 16 మందికి మనస్సు నిబ్బరముగానున్నది, భయము మిక్కిలి తక్కువ. అయినను ఒత్తిడికి అందఱికంటె నెక్కువ నొప్పి పొందినవారు వీరే!

కాబట్టి ముఖమును జూచి నొప్పిని దూచుట తగదు. భారతమున కర్ణుడు, తన యొడిలో దలయుంచి నిద్రించు గురువునకు నిద్రాభంగమగునని, పురుగు తొడను దొలుచుచున్నను కదలక కూర్చుండెను. రక్తము తగిలి పరశురాముడు మేల్కొనుదాక ఆ బాధ యొరులకు దెలియలేదు. తెలియనంతమాత్రమున లేకపోయెనా?

మఱి యేడ్చువారి నొప్పి కల్పితమా? అదియును గాదు. నొప్పిని తలంచి మిక్కిలి భయపడువారి మెదడులో, నొప్పి కెదురుచూచు భాగములును, దానిపై దృష్టి నిలుపు భాగములును ఎక్కువగా బనిచేయుచున్నవని 2004లో మఱియొక పరిశోధనము తెలిపినది. భయము నొప్పికి దోడగునే గాని, నొప్పిని అబద్ధము చేయదు.

స్వభావములు వేఱైనప్పుడు సాయమును వేఱుగా నుండవలెను. క్రమముగా హెచ్చించుకొను నడకవంటి వ్యాయామము ఈ వ్యాధి గలవారికి మేలని వైద్యులు చెప్పుచున్నారు. అది మే మిద్దఱమును చేయుచున్నాము. దానికి తోడు అక్క యొక మానసిక వైద్యురాలియొద్ద, దిగులు పుట్టగానే గుర్తించి మనస్సును మరల్చుకొను అభ్యాసము నేర్చినది. నొప్పి పూర్తిగా బోలేదు గాని, రాత్రులు కొంత నిద్రపట్టుచున్నది. నాకు గావలసినది ధైర్యము గాదు, విశ్రాంతి. పని నడుమ నాపి కూర్చుండుట నాకు మిక్కిలి కష్టమైన చికిత్స.

సోదరీమణులారా! మీ యింట నిట్టివారున్నచో, ఏడ్చువారికి "ఓర్చుకొమ్ము" అనియు, ఓర్చుకొనువారికి "నీకు బాధలే"దనియు జెప్పకుడు. "నేడు నీ పనిలో నేది నేను చేయుదును?" అని యడుగుడు. కన్నీరు గలవారును, లేనివారును ఈ ప్రశ్నకు నిజమే చెప్పుదురు.