ముందు చక్రమును మోయు గొట్టము

సిరిసిల్ల సాంచాల నడుమ పెరిగిన కుఱ్ఱవానికి ఇనుము క్రొత్త వస్తువు కాదు. విరిగినదాని కతుకు వేయుట, అరిగిన యిరుసును లేతుపై త్రిప్పించుట యతనికి ఉగ్గుపాలతో అబ్బిన విద్య. జగిత్యాల, కోరుట్లలయందును పాత మోటారుసైకిలును కోసి మందుబస్తాలు మోయు బండిగా మార్చు మేస్త్రీలు కలరు. ఈ చేతినేర్పును మేము మెచ్చుకొందుము. అయితే ముందు చక్రమును పట్టియుండు ఫోర్కునుగూడ స్వయముగా చేయువారిని చూచినపుడు మాకు భయము కలుగును. ఏ గొట్టము వేసితిరని అడిగినచో "గట్టి పైపే ఏసినం సారూ" అందురు. అది తరచుగా నీళ్లపైపు!

నీళ్లపైపు నీరు కారకుండుటకు పరీక్షింపబడినదేకాని వంపునకు నిలుచుటకు కాదు. దానిపై నుండు పసుపు, నీలము, ఎఱుపు పట్టీలు గోడమందమును తెలుపును. బండికి పనికివచ్చునని తెలుపవు. జింకుపూతపై వెల్డింగు చేసినచో వచ్చు పొగ మేస్త్రీకి జ్వరము తెచ్చును, అతుకును బోలుచేయును. మోటారువాహనములకు వేఱుగా ఐ.ఎస్. 3074 అను ప్రమాణముగల గొట్టము లుండగా దీనిని వాడుటేల?

మేమెఱిగిన యొక యువకుడు కోరుట్లనుండి జగిత్యాలకు 63వ జాతీయరహదారిపై వచ్చుచుండగా బఱ్ఱె అడ్డము వచ్చెను. బ్రేకు పట్టినంతనే బరువంతయు ముందునకు వాలినది. వంచుబలము మిక్కుటముగా నుండు చోటు క్రింది పట్టీయొద్ద. అచ్చటనే గొట్టము మడిగెను. ప్రాణము దక్కినది. కుడిచేయి మాత్రము నేటికిని భుజముపైకి లేవదు.

మందముగా నున్నదే బలమైనదను భ్రమ మనవారిలో గాఢముగా నాటుకొన్నది. 20 మిల్లీమీటర్ల గట్టి కడ్డీయు, 32 మిల్లీమీటర్ల వెలుపలి వ్యాసము, మూడున్నర మిల్లీమీటర్ల గోడయుగల గొట్టమును దాదాపు ఒకే తూకము. అయినను గొట్టము కడ్డీకంటె నాలుగురెట్లు తక్కువ వంగును, రెండున్నరరెట్ల వంచుబలమును సహించును. ఉక్కులన్నిటి బిగువు ఇంచుమించుగా నొక్కటియే. క్రోమియము, మాలిబ్డినము కలిసిన ఖరీదుగల ఉక్కు వంగుట తగ్గదు, వంగి తిరిగి నిలుచు శక్తి మాత్రము హెచ్చును. అట్టి ఉక్కును అతికినవెంటనే నీళ్లు చల్లినచో అతుకు ప్రక్కన పెళుసెక్కును. నీళ్లు చల్లుట మన దుకాణములలో నిత్యకృత్యము! ఇంత చిన్నసంగతి తెలుగులో నొక చిన్న పుస్తకముగా ప్రతి మేస్త్రీ చేతికిని అందకుండుట ఎవరి లోపము? పంచాంగము లింటింటికి చేరుచున్నవి గదా.

1935లో బి.ఎం.డబ్ల్యూ. వారు నూనెతో కుదుపునణచు టెలిస్కోపిక్ ఫోర్కును ఆర్ 12 బండికి అమర్చిరి. లోపలి గొట్టము వెండ్రుకవాసి వంకరలేక, నున్నగా క్రోమియపుపూతతో నుండిననే అది జాఱును. ఇది ఇంటిపని కాదు. మంచి బండినుండి విప్పిన జతను వంకర చూచుకొని కొనుట మేలు. చేసియే తీరవలెనన్నచో జాఱుగొట్టములు లేని పాతకాలపు గర్డరు ఫోర్కును, వెల్డింగునకు సాధువైన అతుకులేని మెత్తని ఉక్కుగొట్టముతో చేసికొని, పొలముగట్టులకే పరిమితము చేయవలెను. తయారీదారు నిర్దేశమునకు భిన్నముగా బండిని మార్చుటను 1988 మోటారువాహనముల చట్టపు 52వ విభాగము నిషేధించుచున్నది.

అట్టిదానినైనను నెలకొకసారి పరీక్షింపవలెను. అతుకులపై కిరసనాయిలు పూసి, కొంతసేపుంచి, పొడిగా తుడిచి, సుద్ద రుద్దవలెను. సుద్దపై సన్నని తడిగీత తేలినచో ఆ గొట్టమును ఆ దినముననే విప్పి పాతసామానువానికి తూకమున కిచ్చివేయవలెను.