గార్డుకి ఎత్తు షూ ఎందుకు మచ్చా?

నా ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు. బాస్కెట్‌బాల్‌లో ఈ ఎత్తుకి దొరికే ఉద్యోగం ఒకటే, గార్డు. రింగ్ కింద పొడుగోళ్లతో పోటీ పడలేం. మన బతుకంతా మొదటి అడుగులోనే ఉంటుంది. ఎదుటోడు తేరుకునేలోపు పక్కనుంచి దూరిపోవాలి. అందుకే షూ కొనేముందు కోడ్ రివ్యూ చేసినంత శ్రద్ధగా చూస్తా.

'లో' షూ అంటే రెండు అర్థాలున్నాయి. ఒకటి, చీలమండ కిందే ఆగిపోయే కట్. రెండు, పాదాన్ని నేలకి దగ్గరగా ఉంచే పల్చటి సోల్. చాలామంది మొదటిదే చూస్తారు. గార్డుకి ఎక్కువ పనికొచ్చేది రెండోది. కింద ఫోమ్ ఎత్తుగా ఉంటే, సర్రున పక్కకి తిరిగినప్పుడు పాదం ఒరుగుతుంది.

"మచ్చా, కాలు బెణికితే?" అన్నాడు చిత్తూరు ఫ్రెండ్. కోబీ బ్రయంట్ ఫుట్‌బాల్ ఆటగాళ్లని చూసి, వాళ్లు లో కట్‌తోనే అన్ని మలుపులు తిరుగుతున్నారు కదా అని 2008లో నైకీ చేత కోబీ 4 చేయించాడు. 1993లో అమెరికాలో 622 మంది కాలేజీ ఆటగాళ్లపై వచ్చిన అధ్యయనంలో కూడా హై టాప్‌కీ లో టాప్‌కీ బెణుకుల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

అసలు చిక్కు మన కోర్టులతోనే. తిరుపతిలో నేనాడేది సిమెంట్ మీద. చెక్క ఫ్లోర్ కోసం చేసిన మెత్తటి రబ్బరు ఇక్కడ పెన్సిల్ రబ్బరులా అరిగిపోతుంది. సోల్ మరీ పల్చగా ఉంటే ప్రతి జంప్ దెబ్బా మోకాలికే. రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం మనది, ముప్పై దగ్గరపడుతోంది. వేగం కోసం మోకాలు తాకట్టు పెట్టలేను.

కాబట్టి నా లెక్క ఇది. వేళ్ల కింద పల్చగా, మడమ కింద కాస్త మెత్తగా ఉండాలి. అడుగున గాడులు లోతుగా, రబ్బరు గట్టిగా ఉండాలి. పాదం ముందు భాగంలో బయటి అంచు కొంచెం వెడల్పుగా ఉంటే, ఒరిగినప్పుడు అదే ఆపుతుంది.

షాపుకి సాయంత్రం పోండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. ఆడేటప్పుడు వేసుకునే సాక్స్ తీసుకుపోండి. లేసులు బిగించి, సడన్‌గా ఆగి, పక్కకి దూకండి. మడమ లోపల కదిలితే ఎంత డిస్కౌంట్ ఇచ్చినా వద్దనండి. షూని చేత్తో వంచితే వేళ్ల దగ్గరే వంగాలి, నడుమ కాదు.

నేను చివరికి అన్నింటికంటే పల్చటిది కాకుండా దాని తర్వాతది తీసుకున్నా. ఆదివారం ఆడాక సోమవారం మెట్లు దిగేటప్పుడు మోకాలు ఏమీ అనలేదు. నాకు ఆ రివ్యూ చాలు.