అయిదో పుస్తకం

నేను ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి చదువుతున్నప్పుడు మా హాస్టల్‌కి ఒక అట్టపెట్టె వచ్చింది. ఎవరో చదివేసి ఇచ్చిన పుస్తకాలు. అందులో హ్యారీ పోటర్ పుస్తకాలు ఏడూ ఉన్నాయి. ఇంట్లో కోయ, బడిలో తెలుగు, ఈ పుస్తకాల్లో ఇంగ్లీషు. మొదటి పుస్తకం పూర్తి చేయడానికి నాకు ఆరు నెలలు పట్టింది. తెలియని మాటల్ని వాగులో రాళ్లలా దాటుకుంటూ పోయాను.

అంత కష్టపడి ఎందుకు చదివానంటే, అది హాస్టల్ పిల్లవాడి కథ. పెట్టె సర్దుకుని, ఊరు వదిలి, దూరాన ఉన్న బడికి పోయే పిల్లవాడు. వరసగా మంచాలు, అందరూ కలిసి తినే పెద్ద హాలు. ఒక్కటే తేడా. హ్యారీకి సెలవులంటే భయం, మాకు సెలవులంటే ప్రాణం.

అప్పట్లో నాకు మూడో పుస్తకం ఇష్టం. అందులో హెర్మయిని మెడలో చిన్న గాజు గడియారం ఉంటుంది. దాన్ని తిప్పితే గడిచిన గంట వెనక్కి వస్తుంది. మా నాన్న నన్ను హాస్టల్ గేటు దగ్గర వదిలి వెళ్లిపోయిన సాయంత్రాల్ని ఆ గడియారంతో ఎన్నిసార్లు వెనక్కి తిప్పుకున్నానో లెక్క లేదు. అయిదోది మాత్రం నచ్చలేదు. ఏడింటిలోకీ లావుపాటిది, 38 అధ్యాయాలు. హ్యారీ మొదటి నుంచి చివరి దాకా కోపంగానే ఉంటాడు.

ఇప్పుడు నేను టీచర్ని. పోయిన వేసవి సెలవుల్లో ఏడు పుస్తకాలూ మళ్లీ చదివాను. ఈసారి అయిదో పుస్తకం నన్ను కదలనివ్వలేదు.

అందులో అంబ్రిడ్జ్ అనే ఆవిడ వస్తుంది. ప్రభుత్వం బడికి పంపిన టీచరు. ఒక రోజు ఆవిడ అడవిలోకి వెళ్లి అక్కడి సెంటార్లతో గొడవ పడుతుంది. సెంటార్లంటే నడుము దాకా మనిషి, కింద గుర్రం. ప్రభుత్వం దయతలిచి కొంత భూమి ఇచ్చింది కాబట్టే మీరు ఇక్కడ బతుకుతున్నారని వాళ్ల అడవిలోనే నిలబడి వాళ్లతో అంటుంది. జవాబుగా ఒక బాణం ఆవిడ తల పక్క నుంచి దూసుకుపోతుంది. అక్కడ పుస్తకం మూసేశాను. మా నాన్న పోడు చేలో నిలబడి ఒక ఉద్యోగి ఇదే మాట అనడం చిన్నప్పుడు నేను విన్నాను. నాన్న బాణం వేయలేదు, తల వంచుకున్నాడు. 1970లో వచ్చిన 1/70 చట్టం గురించి, 2006 నాటి అటవీ హక్కుల చట్టం గురించి ఆయనకు ఎవరూ చెప్పలేదు. నాకు కూడా డి.ఎడ్. చదివేటప్పుడే తెలిసింది.

ఇంకో సంగతి చిన్నప్పుడు గమనించలేదు. ఆవిడను అడవిలోకి తీసుకెళ్లింది హెర్మయినే. సెంటార్లు ఆవిడ పని పడతారని ఆశ పడింది. ఆ సంగతి తెలియగానే సెంటార్లు హెర్మయిని మీద కూడా కోపం తెచ్చుకున్నారు. మన మేలు కోరేవాళ్లు కూడా ఒక్కోసారి మనల్ని అడక్కుండానే మనల్ని వాడుకుంటారు.

ఫిరెంజ్ అనే సెంటార్ అదే బడిలో టీచరుగా చేరతాడు. మనుషుల దగ్గర కొలువు చేస్తున్నాడని సొంత మందే అతన్ని తన్ని తరిమేసింది. ఛాతీ మీద డెక్క గుర్తు అలాగే ఉంది. అతని తరగతి గదిలో నాచు నేల, చెట్లు, పైన చుక్కలు. అడవిని బడిలోకి తెచ్చుకున్నాడు. మిమ్మల్ని హాగ్రిడ్ పెంచాడా అని ఒక పిల్లవాడు అడుగుతాడు. అది చెడ్డ బుద్ధితో అడిగింది కాదు. మేం ఎవరి పెంపకంలోనూ లేము, మనుషుల ఆటబొమ్మలం కాదు అన్నట్టు బదులిస్తాడు ఫిరెంజ్. ఉద్యోగం వచ్చాక మా ఊళ్లో, నువ్వు ఇప్పుడు వాళ్ల మనిషివి అని నన్ను కూడా అన్నారు.

నేను ఫిరెంజ్‌ని అనుకుని మురిసిపోయాను. కానీ మురిపెం ఎక్కువ సేపు నిలవలేదు.

అంబ్రిడ్జ్ హ్యారీకి వేసే శిక్ష మీకు గుర్తుండే ఉంటుంది. నిజం చెప్పినందుకు, అబద్ధాలు చెప్పనని పదే పదే రాయిస్తుంది. ఆ కలానికి సిరా అక్కర్లేదు. రాసిన ప్రతి మాటా రాసేవాడి చేతి మీద కోసుకుని రక్తంగా వస్తుంది. నేను ఆరో తరగతిలో ఉండగా క్లాసులో కోయ మాట్లాడానని, ఇంకెప్పుడూ మాట్లాడనని వంద సార్లు రాయించారు. నా చేతికి గాయం కాలేదు. అందుకే దాన్ని శిక్ష అనుకోలేదు.

నేను టీచరునయ్యాక, రెండో తరగతి పాప ఒకతె నా దగ్గరికొచ్చి కోయలో మంచినీళ్లు అడిగింది. "తెలుగులో చెప్పు" అన్నాను. నాకు అర్థం కాక కాదు. పక్కనే హెడ్మాస్టరు ఉన్నారు. ఆ పాప వెళ్లి కూర్చుంది. సాయంత్రం దాకా మళ్లీ నీళ్లు అడగలేదు. పుస్తకం చదువుతుంటే ఆ మొహం గుర్తొచ్చింది. నేను ఫిరెంజ్‌ని కాదు. ఆ పూట ఆ కలం నా చేతిలో ఉంది.

అందుకే ఇప్పుడు ఏది ఇష్టమంటే అయిదోదే అంటాను. మూడోది నన్ను ఓదార్చింది. అయిదోది నన్ను పట్టుకుంది.

ఆ పాప ఇప్పుడు నాలుగో తరగతి. నీళ్లు కోయలోనే అడుగుతుంది, నేను కోయలోనే ఇస్తాను. మొన్న నా బల్ల మీద ఈ పుస్తకం చూసి కథ చెప్పమంది. కోయలో మొదలుపెట్టాను. సెంటారుకు మాట దొరక్క, సగం మనిషి, సగం గుర్రం అన్నాను.

కాసేపు ఆలోచించి అడిగింది: "సార్, ఊళ్లో ఉండేవాళ్లు పూర్తి మనుషులు. అడవిలో ఉండేవాళ్లకేమో గుర్రం కాళ్లు. ఎందుకు?"

ఇన్నేళ్లలో నాకు రాని ప్రశ్న అది. జవాబు ఇంకా వెతుకుతున్నాను.