వేలిముద్రల చుట్టరికం

అడిలైడ్‌కు ఉత్తరాన ఉన్న మాసన్ లేక్స్‌కు అంటార్కిటికా యాత్రికుడు డగ్లస్ మాసన్ పేరు పెట్టారు. యూనివర్సిటీ క్యాంపస్ చూసుకుని చెరువు గట్టుకొచ్చాను. ఇది మనుషులు తవ్విన చెరువు. గట్టు వంపులన్నీ ఇంజనీర్ల ప్లాన్ ప్రకారమే ఉన్నాయి. గాలికి నీటి మీద లేచే గీతలు మాత్రం ఏ ప్లాన్‌లోనూ లేవు. వేలిముద్రల వారసత్వమూ ఇంతే. ఇంటి నుంచి వచ్చేది గీత కాదు, గీత పడే నేల.

‘నాన్నకు పది వేళ్లకూ చక్రాలే, నాకూ అవే వచ్చాయి’ అని మనవాళ్లు అంటుంటారు. అందులో కొంత నిజముంది. ముద్రలో మూడు వైపుల గీతలు కలిసే చోటు నుంచి నడిమధ్య వరకు ఒక గీటు గీసి, దానికి ఎన్ని గీతలు అడ్డొస్తాయో లెక్కపెడతారు. లండన్‌లో పరిశోధకురాలు సారా హోల్ట్ పది వేళ్ల లెక్కనూ కలిపి కుటుంబాల్లో పోల్చారు. తల్లిదండ్రులకూ పిల్లలకూ మధ్య పొంతన 0.48, తోబుట్టువుల మధ్య 0.50, ఒకే అండం నుంచి పుట్టిన కవలల మధ్య 0.95 తేలింది. భార్యాభర్తల మధ్య దాదాపు సున్నా. కలిసి బతికినంత మాత్రాన రాని పోలిక ఇది, రక్తంలోదే. పిండానికి మూడో నెల నడిచేటప్పుడు వేలి కొసన చిన్న మెత్త ఉబ్బి ఉంటుంది. అది ఎత్తుగా ఉండగా గీతలు పడితే చక్రం, బాగా అణిగాక పడితే విల్లు వంపు వస్తాయి. 2022లో ‘సెల్’ పత్రికలో వచ్చిన పరిశోధన, ముద్రల తీరుతో ముడిపడిన జన్యువుల్లో చాలావరకు కాళ్లూ చేతులూ పెరగడానికి పనిచేసేవేనని చూపింది.

అలాగైతే ఆ కవలల ముద్రలు అచ్చం ఒకటే కావాలి కదా అనొచ్చు. కావు. గీత ఎక్కడ చీలాలో, ఎక్కడ ఆగాలో గర్భంలోని ఒత్తిళ్లు, చర్మం పెరిగే తీరు అప్పటికప్పుడు తేలుస్తాయి. పోలీసులు ముఖ్యంగా చూసేది ఆ చీలికలనూ, ఆగిన కొసలనూ. పోనీ, పోలిక కనబడితే చుట్టరికం ఉన్నట్టేనా? దానికి జవాబు అడిలైడ్‌లోనే దొరికింది. 1996లో ఇక్కడి శాస్త్రవేత్త మాచే హెన్నెబర్గ్ బృందం కోలాల వేళ్లను పరీక్షించి, వాటి ముద్రలు మనిషి ముద్రల్లాగే ఉన్నాయని గుర్తించింది. కోట్ల ఏళ్ల కిందటే మన నుంచి విడిపోయిన జాతి అది. కొమ్మ పట్టుకోవాల్సిన అవసరం ఆ గీతలను విడిగా పుట్టించి ఉంటుందని వారి అంచనా. కాబట్టి చక్రాలు లెక్కపెట్టి తండ్రెవరో తేల్చలేం. అందుకు డీఎన్‌ఏ పరీక్షే దిక్కు.