బొక్క చెప్పే పేరు

మా గూడూరు వైపు ఎముకను బొక్క అంటాం. మహబూబాబాద్ జిల్లాలో సముద్రం గాలి కూడా సోకని ఊరు మాది. అయినా బొక్కను చూసి పక్షిని పోల్చుకునే విద్య మా పెద్దలకు తెలుసు. కంచంలో ముక్క కొరికి, నాటుకోడా ఫారంకోడా చెప్పేసేవాళ్లు. తిరిగి పెరిగిన కోడి బొక్క గట్టిది, పంటికి ఓ పట్టాన లొంగదు.

సముద్రపక్షుల విషయంలో శాస్త్రజ్ఞులు చేసేదీ అలాంటిదే. బతికుంటే రంగు, కూత ఆనవాలు పడతాయి. చచ్చి వందల ఏళ్లయ్యాక మిగిలేది బొక్కే. గ్రేట్ ఆక్, రేజర్‌బిల్ దగ్గరి చుట్టాలు. రేజర్‌బిల్ ఎగురుతుంది, గ్రేట్ ఆక్ ఎగరలేదు. రెక్క ఎముక చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది. గ్రేట్ ఆక్‌ది అంత ఒంటికి పొట్టిగా, ఈదడానికి వీలుగా చదునుగా ఉంటుంది. 1844లో ఐస్‌లాండ్ దగ్గరి ఎల్డే దీవిలో చివరి జంటను చంపేశారు.

దాన్ని చూసి రాసినవాళ్లయినా ఉన్నారు. అట్లాంటిక్‌లోని సెయింట్ హెలీనా దీవి పక్షులకు ఆ భాగ్యమూ దక్కలేదు. 1502లో పోర్చుగీసులు ఆ దీవిని కనుగొన్నారు. తర్వాత మనుషులతో వచ్చిన జంతువుల పాలబడి ఎన్నో పక్షులు పోయాయి. అక్కడి ఎముకలను పరిశీలించిన స్టార్స్ ఓల్సన్, 1975లో రెండు పెట్రెల్ జాతులకు కొత్తగా పేర్లు పెట్టాడు. వాటిని ప్రాణంతో చూసిన శాస్త్రజ్ఞుడు ఒక్కడూ లేడు.

మన నేల మీదా ఈ పని జరిగింది. 1884-85లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ బేతంచెర్ల దగ్గరి గుహల్లో తవ్వకాలు జరిపారు. దొరికిన ఎముకలను రిచర్డ్ లిడెక్కర్ పరిశీలించి, 1886లో ఒక ఖడ్గమృగానికి కర్నూలు పేరే పెట్టాడు.

ఒంటరి బొక్క మూగది. పక్కన పేరు తెలిసిన బొక్క ఉంటేనే నోరు విప్పుతుంది. అందుకే మ్యూజియంలు మామూలు పక్షుల ఎముకలనూ అంత భద్రంగా దాస్తాయి.

నా చిన్నతనంలో ఊరి బయట పశువు చస్తే రాబందులు దిగేవి. 1990ల్లో, పశువులకిచ్చే డైక్లోఫెనాక్ మందు వల్ల దేశమంతటా అవి కుప్పకూలాయి. 2006లో ఆ మందును పశువులకు వాడకుండా నిషేధించారు. అప్పటికే మా ఊరి ఆకాశం ఖాళీ అయింది. రాబందుల్లోనూ దగ్గరి చుట్టాలున్నాయి. మా ఊళ్లో దిగింది తెల్లవీపు రాబందా, పొడుగుముక్కు రాబందా అని అడిగితే ఇప్పుడు తలా ఒక మాట చెబుతారు. పశువుల బొక్కలు ఏరి బస్తాలకెత్తి అమ్ముకున్న ఊరు మాది. రాబందు బొక్క ఒక్కటీ ఎవరింటా లేదు.