బందరు దారిలో చందమామ

గుడివాడలో బందరు రైలెక్కితే రెండువైపులా వరిచేలు, కాలువలు. గుడ్లవల్లేరు, కవుతరం దాటాక పెడన. ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో ఉన్న మావాణ్ని వెంటబెట్టుకుని అక్కడ దిగాను. 'ఉద్యోగం కాదు నాన్నా, బొమ్మలేసుకుంటా' అంటున్నాడు నెలరోజులుగా. ఇంట్లో మాటలు తగ్గిపోయాయి.

పెడన అంటే కలంకారీ. కరక్కాయ నీళ్లలో తడిపి ఆరేసిన గుడ్డ మీద టేకు అచ్చులతో అద్దుతారు. తుప్పుపట్టిన ఇనుమునీ బెల్లాన్నీ రోజుల తరబడి ఊరబెడితే నలుపు వస్తుంది. పటిక అద్దినచోట మొదట పెద్దగా ఏమీ కనిపించదు. రంగునిచ్చే వేళ్లు, చెక్కలు వేసి కాగులో ఉడికించాకే ఎరుపు తేలుతుంది. మావాడు ఆ కాగు దగ్గర్నుంచి కదల్లేదు.

అక్కణ్నుంచి బందరు దగ్గరే. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య ఇక్కడే ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించారు. బెంగాల్ నుంచి వచ్చిన ప్రమోద్ కుమార్ చటర్జీ అందులో చిత్రకళ నేర్పారు. ఆయన శిష్యుల్లో అడివి బాపిరాజు ఒకరు. చదివింది న్యాయశాస్త్రం. కొన్నాళ్లు ప్లీడరీ చేశారు, స్వాతంత్య్రోద్యమంలో జైలుకెళ్లారు. నిలిచింది మాత్రం బొమ్మల్లో, నవలల్లో. 1930ల్లో అదే కళాశాలకు ప్రిన్సిపాల్ కూడా అయ్యారు.

సాయంత్రం మంగినపూడి బీచికెళ్లాం. పున్నమి చంద్రుడు సముద్రంలోంచి లేస్తున్నాడు.

'అలెన్ బీన్ తెలుసా నాన్నా? 1969లో అపోలో-12లో వెళ్లి చంద్రుడి మీద నడిచిన నాలుగో మనిషి. 1981లో నాసా వదిలేసి బొమ్మలేశాడు. చంద్రుడి మీద వాడిన సుత్తితో కాన్వాసు మీద గుర్తులు వేసేవాడు. తన స్పేస్‌సూటు బ్యాడ్జీల ముక్కలు, వాటికంటిన చంద్రధూళితో సహా, రంగుల్లో కలిపేవాడు. 2018లో పోయాడు.'

'చంద్రుడి మీదికి వెళ్లొచ్చాకే కదరా మానేసింది!' అన్నాను.

వాడు నవ్వాడు. 'టెస్టు పైలట్‌గా ఉన్నప్పుడే సాయంత్రాలు బొమ్మల క్లాసులకు వెళ్లేవాడు నాన్నా. మిగతా వ్యోమగాములు షటిల్ నడపగలరు, చంద్రుణ్ని చూసొచ్చి గీయగలిగింది తానొక్కడేనని ఉద్యోగం వదిలాడు.'

నాకు జవాబు తోచలేదు. పొద్దున చూసిన పటిక గుర్తొచ్చింది.

'డిగ్రీ పూర్తిచెయ్. సాయంత్రాలు క్లాసులకెళ్లు. ఫీజు నేను కడతా. తర్వాత మాట తర్వాత' అన్నాను.

వస్తూ వస్తూ పెడనలో వాళ్లమ్మకో కలంకారీ దుప్పటి కొన్నాం. డిజైను ఎంచింది వాడే.