వైఫై చీటీలో నాలుగు వరుసలు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని వార్డెన్ మేడమ్ అడిగారు. కవితలు రాయడం నాకు చేతకాదు. అందుకే 2025 వేసవి సెలవుల్లో మా ఇంట్లో వైఫై రౌటర్‌ను నేనే అమర్చిన సంగతి రాస్తున్నాను. ఇదేం పెద్ద విషయం అని కొందరు నవ్వుకుంటారు. నవ్వుకోండి గానీ చివరిదాకా చదవండి.

మాది కోడుమూరు దగ్గర పల్లె. ఫైబర్ అన్న మాట మన పల్లెల్లో మొదట వినపడింది ఏపీ ఫైబర్‌నెట్ వల్లే. అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు 2017 డిసెంబరు 27న దాన్ని ప్రారంభించారు. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగడం, మొదట్లో 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్ ఇస్తామనడం అప్పట్లో వింతగా చెప్పుకున్నారు. మా ఇంటికి వచ్చిన కనెక్షన్ మాత్రం వేరే కేబుల్ వాళ్ళది. వాళ్ళు గోడకు బిగించిన పెట్టెలో వైఫై లేదు. వైరు పెట్టుకునే రంధ్రం ఒకటే ఉంది. బిగించిన అన్న ఒక చీటీ చేతిలో పెట్టి, "ఇవన్నీ నీకెందుకు పాపా, రౌటర్ తెచ్చుకుంటే మేమే పెట్టిస్తాం. ఐదు నూర్లు అయితాది" అన్నాడు. ఐదు నూర్లంటే మా అమ్మకు దాదాపు రెండు రోజుల కూలి.

చీటీలో నాలుగు వరుసలు ఉన్నాయి. ఐపీ అడ్రస్ 192.168.1.50. సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0. గేట్‌వే 192.168.1.1. డీఎన్ఎస్ 8.8.8.8.

చూస్తే భయం వేస్తుంది గానీ ఇందులో ఉన్నదంతా మన హాస్టలే. ఐపీ అడ్రస్ అంటే రూము నంబరు. కర్నూలు హాస్టల్లోనూ 5వ రూము ఉంటుంది, కడప హాస్టల్లోనూ ఉంటుంది, గొడవ రాదు. అట్లే 192.168తో మొదలయ్యే నంబర్లను ఇళ్ళలో, ఆఫీసుల్లో లోపల వాడుకోవడానికి కేటాయించారు. ఎందుకంటే ఈ పాత పద్ధతిలో ప్రపంచం మొత్తానికీ ఉన్నవి సుమారు 430 కోట్ల అడ్రసులే. జనం 800 కోట్లకు పైనే ఉన్నాం. మాస్క్‌లో మూడుసార్లు 255 వచ్చి చివర సున్నా ఉంటే, మొదటి మూడు అంకెలు కలిసినవాళ్ళంతా ఒకే హాస్టల్ వాళ్ళని అర్థం. చివరి అంకె ఒక్కటే ఎవరిది వాళ్ళకు. గేట్‌వే అంటే బయటికి పోయే గేటు. డీఎన్ఎస్ అనేది పేరు చెబితే నంబరు చెప్పే పుస్తకం. 8.8.8.8 అనేది గూగుల్ వాళ్ళు 2009 నుంచి అందరికీ ఉచితంగా నడుపుతున్నది.

ఈ నంబర్లను చాలా ఇళ్ళలో పెట్టెలే పంచిపెడతాయి, ఏడాది మొదట్లో వార్డెన్ మేడమ్ రూములు ఇచ్చినట్టు. మా పెట్టె పంచదు. చేత్తో రాసుకోవాల్సిందే. దాన్నే స్టాటిక్ ఐపీ అంటారు.

గేట్‌వే గురించి చెబుతుంటే మా నాయన మధ్యలో అందుకున్నాడు. ఆయన కేసీ కాలువ కింద వరికోతలకు పోయినవాడు. "అంటే తూము మాదిరి గదా. కాలవలో ఎన్ని నీళ్ళున్నా తూము కాడ అడ్డం పడితే మడికి చుక్క రాదు" అన్నాడు. మా ఎమ్మెస్సీ పాఠంలో ఇంత తేలికగా ఎవరూ చెప్పలేదు.

కర్నూలు రాజ్‌విహార్ దగ్గర రౌటర్ కొని తెచ్చాను. పెట్టె నుంచి వచ్చే వైరును రౌటర్‌లో 'వ్యాన్' అని రాసిన రంధ్రంలో పెట్టాలి. రౌటర్ అడుగున అతికించిన కాగితం మీద వైఫై పేరు, పాస్‌వర్డ్ ఉంటాయి. ఫోనును దానికి కలిపితే ఇంటర్నెట్ లేదంటుంది. అయినా వదలకుండా బ్రౌజర్‌లో 192.168.1.1 కొడితే సెట్టింగుల పేజీ వస్తుంది. అక్కడ 'డైనమిక్' తీసేసి 'స్టాటిక్' ఎంచుకుని నాలుగు వరుసలూ నింపాను. సేవ్ నొక్కితే ఒప్పుకోలేదు! లోపలి అడ్రసు, బయటి అడ్రసు ఒకే వరుసలో ఉన్నాయని ఇంగ్లీషులో ఎర్ర అక్షరాలు వచ్చాయి.

రెండుసార్లు చదివితే అర్థమైంది. గోడ పెట్టెదీ 192.168.1.1, కొత్త రౌటర్ కంపెనీ నుంచి వచ్చిందీ 192.168.1.1. ఒకే వీధిలో ఒకే పేరుతో రెండు హాస్టళ్ళుంటే పోస్ట్‌మ్యాన్ ఏం చేస్తాడు? చీటీలోది మార్చడానికి లేదు కాబట్టి రౌటర్ సొంత అడ్రసును 'ల్యాన్' పేజీలో 192.168.2.1 చేశాను. అది ఆగి మళ్ళీ వెలిగింది. కొత్త అడ్రసుతో లోపలికి పోయి నాలుగు వరుసలు మళ్ళీ నింపితే ఈసారి ఒప్పుకుంది. వైఫై పాస్‌వర్డ్, సెట్టింగుల పేజీ పాస్‌వర్డ్ రెండూ మార్చేశాను. ఈ రెండోది చాలామంది మారుస్తారనుకోను. మార్చండి. లేకపోతే మీ వైఫైలోకి వచ్చిన ఎవరైనా మీ ఇంటి తూము తిప్పగలరు.

మాది బేతంచెర్ల బండలు పరిచిన పాత మిద్దె, గోడలు మందం. వెనక రేకుల గదిలోకి 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ రాలేదు. 2.4 వచ్చింది. వేగం తక్కువైనా గోడలు దాటడంలో అదే మేలు. రౌటర్‌ను బీరువా పక్క నుంచి తీసి నడిమింటి గూట్లో పెడితే ఇంకా బాగుపడింది.

ఇదంతా ఎందుకంటే, 2020-21లో డిగ్రీ అడ్మిషన్లు మొదటిసారి ఆన్‌లైన్‌లో పెట్టినప్పుడు నేను టౌనుకు పోయి నెట్ సెంటర్‌లో అప్లై చేయించాను. అక్కడి అతను ఫోన్ నంబరు గడిలో తన నంబరే వేశాడు, పాస్‌వర్డ్ తనే పెట్టుకున్నాడు. సీటు వచ్చిందన్న మెసేజ్ అతని ఫోనుకు పోయింది. ఆఖరి రోజు సాయంత్రం వేరే పని మీద పోయిన మా మామ అడిగితే, "వచ్చింది కదా, చెప్పలేదా?" అన్నాడట. రాత్రికి రాత్రి డబ్బు అప్పు తెచ్చి, పొద్దున్నే కాలేజీ గేటు దగ్గర బతిమాలుకున్నాం. ప్రిన్సిపాల్ మంచివారు కాబట్టి ఈ రోజు యోగి వేమన విశ్వవిద్యాలయంలో కూర్చుని ఇది రాస్తున్నాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. ఆ ఒక్క రాత్రి తేడాలో అది పోయేది.

2025లో మా తమ్ముడి వంతు వచ్చింది. నేను కడపలోనే ఉన్నాను. నడిమింట్లో కూర్చుని కాలేజీల పేర్లు వాడే ఒకదాని కింద ఒకటి పెట్టుకున్నాడు. మధ్యలో కరెంటు పోయింది, వచ్చింది. రౌటర్ నంబర్లు మరిచిపోలేదు. మరిచిపోయినా చీటీని అవ్వ ట్రంకు పెట్టె మూతకు లోపలివైపు అతికించి పెట్టాను. మెసేజ్ వాడి ఫోనుకే వచ్చింది. కర్నూలులో బీకాం. నాకంటే ముందు పక్కింటోళ్ళకు చెప్పినాడంట, దొంగ!